‘అక్కా’ అంటే జరగాలి

జూన్ 3, భూపాలపల్లి

సెలక్ట్ అయ్యాం. భువనేశ్వర్‌లో ఇంటర్నేషనల్ మీట్, ఐదు వేల మీటర్లు. నేనూ అక్షితా. కోచ్ ఉపేందర్ సర్ మా అమ్మకు ఫోన్ చేసి, యాడీ అని పలకరించి, మా లంబాడీ భాషలోనే చెప్పారు. ఏం అర్థమైందో గానీ అమ్మ చాలాసేపు ఏడ్చింది.

మెడల్ వస్తే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం. మెడల్ మొదటి ముగ్గురికే. నాకు ఇంకేమీ వద్దు, మూడోది చాలు.

బూట్ల నిండా చెల్పూర్ బూడిద. థర్మల్ ప్లాంట్ రోడ్డు మీద పరుగెత్తితే ముక్కులో కూడా అదే. అయినా మా కొత్తగూడ రాళ్ల దారికన్నా నయం.

జూన్ 11

సర్ కొత్త డ్రిల్ పెట్టారు. ముందు పరుగెత్తేవాళ్లకే ఎదురుగాలి కాబట్టి ఒక రౌండ్ నేను లాగాలి, ఒక రౌండ్ అక్షిత లాగాలి. వెనక నుంచి తను అక్కా అనగానే నేను కుడి పక్కకు జరిగి లోపలి లైన్ వదలాలి. తను ముందుకు వస్తుంది. మళ్లీ నా వంతు వస్తే నేను అక్షీ అంటాను, తను జరుగుతుంది. వెనక్కి తిరిగి చూడొద్దు, చూస్తే స్పీడ్ పోతది బిడ్డా అన్నారు సర్.

మా తండాలో నన్నెవరూ అక్కా అనరు. తమ్ముళ్లు మా భాషలో బాయి అంటారు. అక్కా అనేది ఈ జనగామ పిల్ల ఒక్కతే. వింటే బాగుంటుంది, దాచుకోవడం దేనికి.

జూన్ 29

అక్షిత వాళ్ల బాపు జనగామ నుంచి కారులో వచ్చారు. పత్తి వ్యాపారం ఆయనది, రాజకీయాల్లోనూ తిరుగుతారు. ఇద్దరికీ సర్వపిండి తెచ్చారు. నువ్వు పెద్దదానివి బిడ్డా, మా పిల్లను జర చూస్కో అన్నారు. తర్వాత సర్‌ను పక్కకు తీసుకెళ్లి మాట్లాడారు. ఫుడ్ గురించేమో. సర్వపిండి మాత్రం అదిరింది.

జూలై 5

ఇప్పుడు ఆలోచించే పనే లేదు, అక్కా అని వినపడితే చాలు కాళ్లే జరుగుతున్నాయి.

జూలై 12, భువనేశ్వర్, పొద్దున

ఉక్కపోత. సాయంత్రం రేస్.

మొన్న మహబూబాబాద్ స్టేషన్‌కు యాడి వచ్చి కిటికీలోంచి జొన్నరొట్టెలు ఇచ్చింది. నాకన్నా అక్షితే ఎక్కువ తిన్నది. ఇందాక నాకు జడ వేసింది, గట్టిగా, తల లాగేటట్టు. ఎవరికి మెడల్ వచ్చినా ఒక్కటే గద అక్కా అంది. నీకు ఒక్కటే, నాకు కాదు అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

జూలై 13, రైల్లో

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

ఇద్దరు ఇథియోపియా అమ్మాయిలు మొదట్లోనే వెళ్లిపోయారు. వాళ్లను అందుకోలేమని ముందే తెలుసు. మిగిలింది మూడో స్థానం. దాని కోసం నేనూ, నా వెనక అక్షితా, ఆమె వెనక ఒక జపాన్ అమ్మాయి.

మొదటి వంతు నేనే లాగాను. అక్కా అంటుందని చూశాను. అనలేదు. అలిసిపోయిందేమో, పాపం అనుకున్నాను. పాపం అట! ఇంకో రౌండ్. మరో రౌండ్. ఎదురుగాలి అంతా నా ఛాతీకే. అక్షీ, నువ్వు రా అని అరిచాను. పలకలేదు. దాని ఊపిరి మాత్రం నా మెడ వెనకే వినిపిస్తోంది, తీరిగ్గా. నేను తగ్గితే జపాన్ అమ్మాయి వచ్చేస్తుంది. తగ్గలేదు.

గంట మోగింది. ఆఖరి రౌండ్. ఆఖరి మలుపు కూడా అయిపోవచ్చింది, అల్లంత దూరంలో ఫినిష్ లైన్. అప్పుడు అంది అక్కా అని. రోజూ అన్నట్టే, అదే గొంతు.

నా కాళ్లు జరిగాయి.

నేను అనుకోనే లేదు, అవే జరిగాయి. లోపలి లైన్ ఖాళీ అయింది, అది దూరింది. దానికి మూడు. నాకు నాలుగు.

టెంట్ వెనక సర్ దాని తల నిమురుతూ చెప్పినట్టే చేసినవ్ బిడ్డా అంటున్నాడు. నన్ను చూసి ఆగాడు. దగ్గరికొచ్చి మా భాషలో మొదలుపెట్టాడు. ఇద్దరూ వంతులేసుకుంటే ఇద్దరూ అలిసిపోయేవాళ్లు, ఒక్కరికన్నా రావాలె గద అన్నాడు. ఆ ఒక్కరు నేనెందుకు కాదు అని అడిగాను. మెడలో విజిల్ తిప్పుకున్నాడు. వాళ్ల బాపు చానా చెప్పిండు అన్నాడు.

నన్ను తండా నుంచి తెచ్చింది ఈయనే. తెలుగులో మోసం చేసినా ఇంత మండేది కాదు.

అది పై బెర్త్ మీద ఉంది. తిన్నవా అక్కా అని రెండుసార్లు అడిగింది. ఏడుస్తోంది కూడా. ఏడవనీ.

జూలై 14

యాడి నా మెడ వైపు చూసింది. తర్వాత నా సంచి అందుకుంది.

జూలై 22

జనగామ చౌరస్తాలో ఫ్లెక్సీలు. సన్మానం వీడియో వాట్సాప్‌లో అందరూ పంపుతున్నారు. ఉపేందర్ శాలువా కప్పుకుని కూర్చున్నాడు. అక్షిత మైకు పట్టుకుని మా జమునక్క లేకుంటే నాకీ మెడల్ లేదు అంది. జనం చప్పట్లు కొట్టారు.

ఎంత మంచి మనసో అని కింద ఎవరో రాశారు. ఫోన్ విసిరేశాను. పగల్లేదు, అదొక్కటే దరిద్రం.

జూలై 24

సెలక్షన్స్ మళ్లీ అక్టోబర్‌లో. ఇక్కడ తండాలోనే, ఒక్కదాన్నే పరుగెత్తుతాను. ఆ మాటకు ఇక జన్మలో జరగను.

జూలై 31, కొత్తగూడ

పొద్దున పరుగులో వెనక నుంచి అక్కా అని వినపడింది. జరగలేదు. సైకిల్ వచ్చి పిక్కకు గుద్దుకుంది. తండా పిల్ల కాదు, ఊరి నుంచి బడికి పోయే పిల్ల. బురదలో పడి, పిలిచిన గదక్కా, ఇనవడలేదా అని ఏడ్చింది.

వినపడింది అన్నాను.