మనిషి లేని నీడ

సరితక్కా,

మా చిన్న వీడియో కంపెనీ తీసిన ప్లాట్ల ప్రకటన నీ ఫోనుకూ వస్తుంది. అందులో మనిషి లేని నీడ ఒకటి కనిపిస్తే బావకు కూడా చెప్పకు.

ఎయిర్‌పోర్టు పక్కన డ్రోన్ ఎగరేయనివ్వరని, తొండుపల్లి నీళ్ల ట్యాంకు ఎక్కి తీశాం. లేత ఎండలో మనం అమ్మేసిన చేను కలలో తేలుతున్నట్టుంది. నట్టనడుమ బాపు నిలబడి ఉన్నాడు. ఇప్పటికీ పొద్దున్నే అక్కడికి పోతాడు.

"గా ముసలాయనను తీసెయ్," అన్నాడు ప్లాట్లు అమ్మే సారు.

కంప్యూటర్‌లో బాపును చెరిపేశాను. పొడవాటి ఆయన నీడను చెరపడానికి చేయి రాలేదు. కరెంటు స్తంభం నీడనుకున్నాడు సారు.

వీడియో చూపిస్తే బాపు నవ్వాడు. "పొద్దెక్కితే అది గూడ పోతది బిడ్డా."

"వీడియోల పొద్దెక్కదు బాపూ."

"అయితే ఇంకోసారి పెట్టు," అన్నాడు.

నీ తమ్ముడు