ఖాళీ హాలు చప్పుడు

ఒదవారా, ఆగస్టు

పాత మిత్రుడు మినెగిషీకి,

ఉత్తరం మొదట్లో వాతావరణం గురించి రాయడం మన మర్యాద. ఎండ మండిపోతోంది. మర్యాద పూర్తయింది.

పత్రికలో నీ వ్యాసం చదివాను. హై రిజొల్యూషన్ రికార్డింగులు కొనే ముసలివాళ్లు సంగీతాన్ని కాదు, ధరను వింటారని రాశావు. పెరట్లో సొంత కరెంటు స్తంభం పాతించుకున్న "ఒక పరిచయస్థుణ్ణి" కూడా వెక్కిరించావు. ఈ వీధిలో సొంత స్తంభం ఉన్నది నాకొక్కడికే. పక్కింటి ఫ్రిజ్‌ గురగుర నా ఆంప్లిఫయర్‌లోకి రాకూడదని వేయించుకున్నాను. నవ్వుకో. బతుకంతా చెవుల మీద సంపాదించిన రికార్డింగ్ ఇంజనీరువి, పింఛను మొదలయ్యాక చెవులే అబద్ధమంటున్నావు. నేను చదివిన పుస్తకాల్లో ద్రోహులు చాలామంది ఉన్నారు. అందరూ నీకంటే మంచి వచనం రాశారు.

తిట్టడానికే అయితే కార్డు ముక్క సరిపోయేది. సంగతి వేరే ఉంది. మా సవాకో మూడు తీగల షామిసెన్ వాయిస్తూ పాడిన ఆ చివరి రికార్డు, నువ్వు చేసిందే, ఈ వసంతంలో హై రిజొల్యూషన్‌లో మళ్లీ వచ్చింది. తీగ ఆగిపోయి, గొంతు మళ్లీ అందుకునేలోపు ఖాళీ ఉంటుంది కదా, అక్కడ నా భార్య, సవాకో ఊపిరి వినిపించింది. ఎగువకు నడిచి వచ్చినవాళ్లు తీసుకునే ఊపిరి. ఇన్నేళ్లుగా పాత ఎల్పీ గరగరలో ఎన్నడూ వినిపించలేదు. అప్పటినుంచి ఆ గదిలో నేను ఒంటరిగా లేను. రెండో కుర్చీలో పుస్తకాలు పెట్టడం మానేశాను. పాట అయిపోయాక లేచి రావాలంటే, ఎవరినో మధ్యలో వదిలేసి వస్తున్నట్టుంటుంది.

మా మరదలు ఫుమియేని ఎరుగుదువు. అక్క పోయినప్పటినుంచి ఈ ఇంటిని, నా నోటిని భరిస్తున్నది ఆవిడే. నీ వ్యాసం చదివి నాకు పరీక్ష పెట్టింది.

"బావగారూ, గోడవైపు తిరిగి కూర్చోండి. మామూలు సీడీ ఒకసారి, మీ బంగారు ఫైలు ఒకసారి పెడతాను. ఏది ఏదో చెప్పండి."

"రెండోదే నాది. చెవిటివాడైనా చెబుతాడు."

"చెవిటివాడే చెప్పాడు. రెండోది సీడీ. స్తంభం పీకించి అక్కడ ముల్లంగి వేద్దామా?"

నువ్వే గెలిచావు, పండగ చేసుకో. కానీ మినెగిషీ, ఊపిరి రెండింటిలోనూ వినిపించింది. అది టేపులో ఉందో, నా తలలో ఉందో చెప్పగలవాడివి నువ్వొక్కడివే. తలలోనే ఉందంటే ఆ గదికి తాళం వేస్తాను. లేని మనిషితో కాపురం చేసే పిచ్చివాడిగా చావడం నాకిష్టం లేదు. ఆ పాట మళ్లీ వినను.

నీ మాటల దెబ్బ తిన్న,
కురోసె యసుహికో


మత్సుమోతో, ఆగస్టు

కురోసేకి,

తిట్లు అందాయి. ఇంకా బతికే ఉన్నావని సంతోషించాను.

టేపులో ఊపిరి లేదు. ఉండే వీలే లేదు. ఎల్పీ అయినా, సీడీ అయినా, నీ బంగారు ఫైలయినా అన్నీ నేను కోసి అతికించిన ఆ ఒక్క టేపునుంచి వచ్చినవే. అందులో సవాకోగారి ఊపిరి చప్పుళ్లన్నీ బ్లేడుతో కోసి తీసేశాను. ఆవిడే అడిగింది. "మా ఆయన పాట వినడు, చప్పుళ్లు వింటాడు. ఈ చప్పుడు వింటే నా ఊపిరితిత్తుల సంగతి పట్టేస్తాడు. డాక్టరు మాట పండగలయ్యాక నేనే చెప్పుకుంటాను" అంది. నీకంటే ముందు నాకు తెలియడం నీకు కోపం తెప్పిస్తుందని ఇంతకాలం నోరు మూసుకున్నాను.

కోసిన చోట ఉత్త టేపు అతికిస్తే శ్రోత చెవి తూలుతుంది. అందుకని పాట అయ్యాక అందరినీ పంపేసి, మైకులు అలాగే ఉంచి, ఖాళీ హాలు నిశ్శబ్దాన్ని విడిగా రికార్డు చేశాను. ఆ ముక్కలే అతికించాను. నువ్వు వింటున్నది ఎవరూ లేని హాలుని.

తాళం వెయ్యి. ఎండ తగ్గాక ఇటు రా, చన్నీళ్ల సోబా నూడుల్స్ తిందాం.

మినెగిషి


ఒదవారా, సెప్టెంబరు

మినెగిషీ,

నీ ఉత్తరం అందిన రోజే తాళం వేశాను. నాకు చెప్పనిది నీకు చెప్పిందన్న కోపంతో నాలుగు ఉత్తరాలు రాసి చింపేశాను. ఐదోది రాస్తుంటే ఆ రికార్డింగు సాయంత్రం గుర్తొచ్చింది.

షామిసెన్ పెట్టె, ఆవిడ కోటు పట్టుకుని నేను బయట వరండాలో నిలబడి ఉన్నాను. నువ్వు వచ్చి సిగరెట్టు వెలిగించి, "తలుపు తియ్యకు, లోపల ఖాళీ హాలు రికార్డవుతోంది" అన్నావు. అందరూ అప్పటికే వెళ్లిపోయారు. నువ్వు సిగరెట్టు ముగించి, యంత్రం కట్టేయడానికి లోపలికి వెళ్లాక, ఆ తలుపులోంచే సవాకో వచ్చింది. ఎక్కడున్నావని అడిగితే, "తెర వెనక కూర్చున్నాను, చల్లగా ఉంది" అంది. కోటు తొడుగుతూ నేను మైకులు ఎలాంటివి వాడారని అడిగాను.

పాడినంతసేపూ వీలైనంత బిగబట్టుకున్న ఊపిరిని, ఎవరూ వినరనుకున్న చోట చీకట్లో కూర్చుని వదిలింది. నువ్వేమో దాన్నే కోసి పాటనిండా అతికించావు. ఖాళీ అనుకున్న టేపును ఎవడు చెవిపెట్టి వింటాడు? లేనిది విన్నానని నన్ను వెక్కిరించావు, ఉన్నది నువ్వు వినలేదు.

ఇది కూడా నా భ్రమే కావచ్చని, నిన్న సీడీని వంటింట్లో ఫుమియే వార్తలు వినే చిన్న పెట్టెలో పెట్టాను. ఆవిడకు ఏమీ చెప్పలేదు. బియ్యం కడుగుతోంది. ఖాళీ వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి.

"బావగారూ, అక్క మెట్లెక్కి వచ్చిందా?" అంది. అని, తన మాట తనకే వినిపించి, కుళాయి కట్టేసింది.

స్తంభం తీసేవాళ్లు సోమవారం వస్తున్నారు. వంటింటి పెట్టెకు అది అక్కర్లేదు. నీ వ్యాసంలో ప్రతి మాటా నిజమేనని ఎక్కడైనా రాసుకో, నేను ఖండించను. కానీ ఆ హాలు ఖాళీ అని మాత్రం ఇంకెక్కడా రాయకు.

యసుహికో