రెండున్నర చుట్లు

అన్నయ్యా,

ఆ స్క్రూ తిప్పింది నువ్వు. "లైటు బిగించింది మా చెల్లెలు, నేను దాన్ని ముట్టుకోలేదు" అని పోలీసు స్టేషన్‌లో కాగితం రాసి సంతకం పెట్టిందీ నువ్వే. అందరం క్షేమం అని మొదలుపెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఇక్కడ ఎవరూ క్షేమంగా లేరు కూడా. నీ బండి మా మెకానిక్ షాపుకి వచ్చాక హెడ్‌లైట్ విప్పి, ఆ స్క్రూని వెనక్కి తిప్పుతూ లెక్కపెడితే, వెలుగు ఉండాల్సిన చోటికి దిగేసరికి మూడు చుట్లు వచ్చాయి. రెండున్నర నీవి. మిగతా అర చుట్టు సంగతి చివర్లో చెబుతాను. ముందు నీ సంగతి తేలాలి.

ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు. పదకొండు సార్లు చేశాను. కాగితాన్ని కట్ చేయలేవు. చింపుతావేమో గానీ, చింపే ముందు చదువుతావు. అంత మాత్రం ఆపుకోలేవని నాకు తెలుసు.

వ్యాను డ్యూటీకని ఊరెళ్ళిపోయి నువ్వు రాసిన ఉత్తరం సోమవారం అందింది. దెబ్బ తగిలినాయన ఎలా ఉన్నాడని అడిగావు. ఆయన టైలరు, ఆ సంగతైనా కనుక్కున్నావా? కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. కాళ్ళతో తొక్కే మిషను ఆయనది. నేను వెళ్ళేసరికి మంచాన్ని ఆ మిషను పక్కకి జరిపించుకుని, గోడకి ఆనుకుని చేత్తో కాజాలు కుడుతున్నాడు. నేనెవరో చెప్పాను. తిడతాడనుకున్నాను.

"కూర్చోమ్మా" అన్నాడు, సూది ఆపకుండా. "నేను చూసింది చెబుతా విను. ఎదురుగా బండి వస్తోంది, సైకిలు పక్కకి తీద్దామనుకున్నా. అంతలో వెలుగు మొహమ్మీద కొట్టింది. రోడ్డు లేదు, కల్వర్టు లేదు, నా హ్యాండిలు కూడా నాకు లేదు. సున్నం కొట్టిన గోడలోకి దూరినట్టే దూరిపోయి, కల్వర్టు కింద తేలా."

తర్వాత దారం కొరికి, నా వైపు చూసి ఇంకో మాటన్నాడు. "అయినా అంత లైటు ఎందుకమ్మా ఆ అబ్బాయికి? అప్పటికింకా పూర్తిగా చీకటైనా పడలేదు కదా."

ఆ మాట దగ్గర నా బుర్ర ఆగిపోయింది. ఇంటికొచ్చాక కూడా అక్కడే ఆగి ఉంది.

నువ్వు ఆగావు, ఆటో పిలిచావు, ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రి దాకా వెళ్ళావు. అదీ ఆయనే చెప్పాడు. నేను కాదనను. అంత చేసిన మనిషివి మర్నాడు ఆ కాగితం ఎలా రాశావో, అదే నాకు మింగుడు పడలేదు.

షాపులో కోపాలు చల్లారాయా అని అడిగావు. కోపం ఎవరికుంది, నవ్వుకుంటున్నారు. నన్ను లైట్ల బల్ల దగ్గర్నుంచి తీసేశారు. ఇప్పుడు నేను బళ్ళు కడుగుతున్నాను. ఆ బల్ల నాకెవరూ పిలిచి ఇవ్వలేదు, నీకు తెలుసు. చెత్తలో పారేసిన పాత హెడ్‌లైట్ డూములు ఏరుకొచ్చి, వేడిగాలి కొట్టి గ్లూ కరిగించి, అద్దం ఊడదీసి, పగలగొట్టి, వేళ్ళు కాల్చుకుని రెండేళ్ళు నేర్చుకున్నాను. ఒక్కడు నేర్పలేదు. ప్రొజెక్టర్ లైటు అంటే అందరూ ఎక్కువ వెలుగు అనుకుంటారు. దాని లోపలుండే గాజు గుండు వెనక ఒక చిన్న రేకు ఉంటుంది, అది పైకి పోయే వెలుగుని కోసేస్తుంది. గోడమీద వేసి చూస్తే గీత గీసినట్టు పడుతుంది. గీత కింద పగలు, గీత పైన చీకటి. ఎదుటివాడి కళ్ళు ఆ చీకట్లో ఉండాలి. ఆ పనికి అదొక్కటే ధర్మం.

అందుకే షాపు వెనక గోడకి నేను నల్లరంగుతో గీత గీసుకున్నాను. ఎనిమిది అంగల దూరంలో బండి నిలబెట్టి, మీద మనిషిని కూర్చోబెట్టి, వెలుగు ఆ గీతకి దిగేదాకా స్క్రూ తిప్పుతాను. కుదిరాక స్క్రూ మీద గోళ్ళరంగు చుక్క పెడతాను. ఎవరు కదిపినా ఆ చుక్క పగులుతుంది. "లైటుకి కూడా సింగారమా తల్లీ" అని ఏడిపించేవాళ్ళు. నీ బండి మీద ఆ చుక్క పగిలి ఉంది. ఓనరుని పిలిచి చూపించాను.

"చుక్కదేముంది, ఎవరైనా పగలగొట్టొచ్చు" అన్నాడు. "పరాయివాడు రాసిచ్చి ఉంటే నీ మాటే నమ్మేవాణ్ణి. రాసింది సొంత అన్న. సొంత అన్న చెల్లెలి మీద అబద్ధం ఎందుకు చెబుతాడు, నువ్వే చెప్పు."

గుడ్డ తీసుకుని బళ్ళ దగ్గరికి పోయాను. ఎందుకో అప్పటికి నాకే తెలియదు.

అమ్మ ఎలా ఉందని అడిగావు. అమ్మతో మాటల్లేవు. ఆదివారం దాకా ఉన్నాయి. ఆవిడ బట్టలు ఆరేస్తోంది, నేను పిండి అందిస్తున్నాను. ఇన్ని రోజులు నా తలలో నేనే తిరిగి తిరిగి, ఆఖరికి నా మీద నాకే అనుమానం వచ్చింది. "చుక్క నేనే సరిగ్గా పెట్టలేదేమోనమ్మా. తప్పు నాదేనేమో" అన్నాను.

అమ్మ వెనక్కి తిరగలేదు. "నువ్వేం తప్పు చేస్తావే. వాడే తిప్పుకున్నాడు. పెరట్లో, నా కళ్ళముందే. వెలుగంతా కాళ్ళ దగ్గరే పడి చస్తోంది, ముందేం కనిపించట్లేదు అన్నాడు."

"నీకు తెలుసా? ఇన్ని రోజులూ తెలుసా?"

"అరవకు. పక్కింటికి వినిపిస్తుంది."

"వినిపించనీ!"

"వాడికి పొద్దు వాలితే కంటికి ఆనదే. చిన్నప్పట్నుంచీ అంతే. స్కూలు వ్యాను నడిపేవాడు, ఈ సంగతి బయటపడితే ఒక్కరోజు ఉంచుతారా? నీకేముంది, ఈ షాపు కాకపోతే ఇంకోటి. అసలా గ్రీజు పని మానేసినా నిన్నెవరూ ఏమనరు."

నా చేతిలో ఒక తడి చొక్కా ఉంది. నీ పాతదే. నీళ్ళన్నీ పోయాక కూడా పిండుతూనే ఉన్నాను.

రేచీకటి. ఇంత చిన్న మాట. ఇరవై రెండేళ్ళలో మనింట్లో ఒక్కరి నోటా వినలేదు.

ట్యూషన్ నుంచి మనం వచ్చే సందు గుర్తుందా, దీపాలు లేనిది? చీకటి పడగానే నా చెయ్యి పట్టుకునేవాడివి. "మా చెల్లికి చీకటంటే భయం, వదిలితే ఏడుస్తుంది" అని మాస్టారికి చెప్పావు, నీ స్నేహితులకి చెప్పావు, చుట్టాలందరికీ చెప్పావు. పిరికిపిల్ల అని పేరు పడింది నాకు. ఇప్పటికీ పెద్దమ్మ ఫోన్ చేస్తే "పిరికిపిల్ల ఏం చేస్తోంది" అనే అడుగుతుంది. నేనూ నమ్మాను. నాకు భయమని నువ్వంటే, భయమే కాబోలు అని నిజంగానే భయపడ్డాను. మొన్న ఆ సందులోంచి కళ్ళు మూసుకుని నడిచి చూశాను. గుంత ఎక్కడుందో, కాలవ మీద రాయి ఎక్కడ ఎత్తుగా ఉందో నా కాళ్ళకి తెలుసు. ఎందుకు తెలుసు? ముందు నడిచింది నేను కాబట్టి. నువ్వు నా వెనక వచ్చేవాడివి, అన్నయ్యా. ఆరేళ్ళదాన్ని, పదేళ్ళ నిన్ను ఇంటికి చేర్చేదాన్ని.

నీ చీకటిని తెచ్చి నా పేరుకి తగిలించావు. అప్పుడు ఒకసారి, ఇప్పుడు ఒకసారి. అప్పుడు చిన్నపిల్లాడివి, పోనీ అనుకున్నాను. ఇప్పుడు ఏమనుకోను?

ఇక ఆ అర చుట్టు. అది నాది.

లైటు బిగించిన రోజు, పొద్దు వాలాక, నువ్వు బండి మీద కూర్చుని "ఇంకొంచెం పైకి, ఇంకొంచెమే" అన్నావు. గీత దాటుతుందన్నాను. "మా చెల్లి చేసిన లైటు నాకే కనిపించకపోతే ఎలా?" అని నవ్వావు. నా పనిని మనింట్లో ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. పొంగిపోయాను. నేను గీసుకున్న గీతని నేనే దాటి బెత్తెడు పైకి లేపి, కొత్త చుక్క పెట్టి మూసేశాను. ఇంకోటి కూడా ఉంది. అప్పుడే నీ తాళంచెవి జారి పడింది. నీ చెప్పు పక్కనే పడింది. నువ్వు నేలంతా తడుముకున్నావు. చూశాను. చూసి కూడా "ఏంటన్నయ్యా, తాగొచ్చావా?" అని నవ్వాను. కళ్ళ డాక్టరు దగ్గరికి పంపాల్సిన మనిషికి లైటు బిగించి పంపాను.

అమ్మ చెప్పిన మర్నాడే వెళ్ళి నా అర చుట్టు ఓనరుకి చెప్పేశాను. "చూశావా, నోట్లోంచి నిజం ఊడిపడింది" అన్నాడు. దాంతో ఆ బల్ల మీద నాకున్న కాస్త ఆశా పోయింది. టైలరుకీ చెప్పాను. నీ పేరు మాత్రం ఇద్దరి దగ్గరా ఎత్తలేదు. టైలరు సూదిలోకి దారం ఎక్కించుకుంటూ, "నువ్వు చెప్పినదానికి నా కాలు ఇంతగా విరగదమ్మా. మిగతాది ఎవరిదో, వాళ్ళని పంపు" అన్నాడు. ఆ అర చుట్టుకే ఆయన పడేవాడా అంటే నాకు తెలియదు. పడకపోయినా అది నాదే. నీది నేను మోయను.

వ్యానులో పద్దెనిమిది మంది పిల్లలని రాశావు. "సాయంత్రం ట్రిప్పు ఆరింటికల్లా అయిపోతుంది, ఇబ్బందేం లేదు" అని కూడా రాశావు. ఇబ్బంది ఉందా అని నేనెప్పుడు అడిగాను? అడగని దానికి జవాబు రాసి నీ అంతట నువ్వే దొరికిపోయావు. పొద్దు రోజురోజుకీ తగ్గుతోంది, అన్నయ్యా. ఇంకో పది రోజుల్లో ఆరంటే చీకటే. అప్పుడు వాళ్ళలో ఏ పిల్ల చెయ్యి పట్టుకుంటావు?

ఈ కాగితం అందిన రోజు నుంచి సాయంత్రం పూట స్టీరింగు ముట్టుకోకు. కళ్ళు చూపించుకో. వచ్చి, ఓనరు ముందూ టైలరు ముందూ నిలబడి నీ రెండున్నర చుట్లు నీవని చెప్పు. స్టేషన్‌లో ఆ కాగితం మార్చి రాయి. సంతకం నువ్వే పెట్టు. టైలరు మిషనుకి కాలితో తొక్కే పని లేకుండా మోటారు బిగించే పని నేను మొదలుపెట్టాను, ఆయనింటి పాత వైరింగు చూశాను, కుదురుతుంది. నువ్వొస్తే ఇద్దరం కలిసి బిగిద్దాం. రాకపోతే నేనొక్కదాన్నే బిగిస్తాను, నాకలవాటే.

వస్తావా రావా అన్నది శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోపు, నీ ట్రిప్పు మొదలయ్యే ముందు, నాకు ఫోన్‌లో చెప్పాలి. నాలుగు దాటితే మీ వ్యాను ఓనరుకి నేనే ఫోన్ చేస్తాను. నంబరు నువ్వు పంపిన కవరు వెనకే అచ్చేసి ఉంది. ఆయనకి ఏం చెప్పాలో కాగితం మీద రాసి పెట్టుకున్నాను, తడబడకుండా.

వస్తే పగటి బస్సుకే రా. ఆలస్యమై చీకటి పడితే దిగిన చోటే నిలబడు, ఒక్క అడుగు వెయ్యకు. నేనొచ్చి చెయ్యి పట్టుకుంటాను. కోపం తగ్గిందనుకోకు, తగ్గలేదు. దారిలో ఎవరైనా ఆపి, పిరికిపిల్లని ఇంకా చెయ్యి పట్టుకుని తిప్పుతున్నావా అని అడిగితే, జవాబు నువ్వే చెప్పాలి. నేను నోరు విప్పను.

శుక్రవారం. నాలుగు గంటలు.

ఇట్లు,
ముందు నడిచిన నీ చెల్లెలు