ఖాళీ జీపు ఎత్తు

శుక్రవారం రాత్రి, సిద్దిపేట

గుట్ట దారిలో అడుగున రాళ్ళు తగులుతున్నాయని ఇవాళ జీపును ఎత్తు చేయించాను. బండి బరువు మోసే కమాన్ పట్టీలు కొత్తవి వేయించడానికి డబ్బు చాలక, పాత పట్టీలకూ ఇరుసుకూ మధ్య ఇనుప దిమ్మెలు పెట్టించాను. ఖాళీ జీపు ఠీవిగా నిలబడగానే "స్తోత్రం!" అని అరిచాను. మెకానిక్ ఖాజా భాయ్ నవ్వలేదు.

"ఖాళీ బండిని జూసి మురుస్తవేంది అయ్యగారూ? మందిని ఎక్కియ్యి."

ప్రార్థన ముగించుకుని వస్తున్న మా చర్చి సంఘం ఆడవాళ్ళను ఎనిమిది మందిని ఎక్కించుకుని షెడ్డు ముందు మలుపు తిప్పాను. జీపు పక్కకు ఒరిగింది. గబుక్కున బ్రేక్ తొక్కాను.

"దిమ్మె ఎత్తుతది గని పట్టుకోదు. కొత్త పట్టీలే ఎయ్యాలె," అన్నాడు ఖాజా.

వెనక కూర్చున్న ఎల్లమ్మ నవ్వింది. "మా అయ్యగారు ప్రార్థన జేసి నడుపుతడు. మాకేం గాదు తియ్యి."

ఎల్లుండి ఆదివారం ఆరాధనకు వాళ్ళందరినీ ఎక్కించుకుని గుట్ట దిగాలి. నమ్మినవాళ్ళు భయపడకూడదని గొంతు చించుకుని నేర్పింది నేనే. ఇప్పుడు బైబిల్ ముందేసుకుని, దిమ్మెలు చాలునని చెప్పే వాక్యం కోసం వెతుకుతున్నాను. దొరకదు.

తెల్లారగానే దిమ్మెలు తీయించాలి. రాళ్ళు తగిలితే జీపుకే కదా. కానీ ఎందుకు భయపడ్డావని ఎల్లమ్మ అడిగితే...