కంప్యూటర్‌లో సరోజ పేరు

గురువారం, మారేడ్‌పల్లి

ఇవాళ నా సంతోషం పట్టతరం కాలేదు. చచ్చిందనుకున్న కంప్యూటర్‌ను మా బిడ్డ సుమతి మళ్ళ లేపింది! మాదాపూర్ ఆఫీసు నుంచి వచ్చి, పాడైన హార్డ్‌డిస్క్ తీసి కొత్తది పెట్టింది. ఎప్పుడో తను రాసి తన దగ్గర దాచుకున్న ఫైల్ ఒకటి దానికిచ్చింది. ఎవరెవరు వాడాలె, అక్షరాలు ఎంత పెద్దగుండాలె, అన్నీ అందులో రాసి ఉంటయట. అది చదివి మిషన్ తనంతట తానే అట్ల తయారైతదట. నా బంగారు తల్లి!

తెర మీద నా పేరొచ్చింది. దాని కింద సరోజ పేరు. పోయి ఏడాదైన నా భార్య పేరు! ఆత్రంగా నొక్కిన. ఆపరేషనైన ఆమె కళ్ళ కోసం పెట్టుకున్న పెద్ద అక్షరాలు, ఆమె ఇష్టపడ్డ పసుపు రంగు, అన్నీ ఉన్నయి. ఆమె టైపు చేసుకున్న బతుకమ్మ పాటలు మాత్రం ఒక్కటీ లేదు.

"ఫైల్ సెట్టింగులనే తెస్తది నాన్నా. అమ్మ రాసినవి పాత డిస్క్‌తోనే పోయినయ్. పేరు సుత తీసెయ్యనా?"

"వద్దు బిడ్డా, ఉండనీ."

సుమతి పండుకున్నది. నేను ఆ పసుపు తెర ముందే కూర్చున్న. ఆ పాటలు పక్కనుంచి ఎన్నిసార్లు విన్ననో! ఒకదాని మొదటి చరణం కొట్టిన. రెండోది ఎంతకూ గుర్తొస్తలేదు...