ఉమ్మని నోరు

మల్లవి ఊరు, ఈస్టరుకు ముందు పెద్ద ఉపవాస దినాలు

ప్రియమైన నా తల్లి దిమ్యానాకు,

మీ అమ్మ కబురు పంపిందట గదా. దగ్గు నిజమే, రుమాలు మీద నెత్తుటి చుక్కా నిజమే. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పైభాగాన మచ్చ కనిపించిందన్నారు. నర్సమ్మ నా చేతిలో మూత డబ్బీ పెట్టి, "పొద్దున్నే కఫం ఉమ్మి తే, బాబాయ్" అంది. రోజూ పూజలో ప్రభు శరీరమైన రొట్టెను పుచ్చుకునే నోరు ఇది! పుచ్చుకున్న రోజు ఉమ్మకూడదని గుడి పిల్లలకు నేర్పిందే నేను. దానియేలు సింహాలకు జడిశాడా? పండుగ వెళ్ళాక చూద్దాం. నీ ఇరీనీ నా ఒడిలో కూర్చుని కీర్తన వల్లిస్తోంది.

ప్రార్థనలో నిన్ను మరవని నాన్న,
అబానూబ్


అస్యూత్ ఆసుపత్రి, ఛాతీ వార్డు, రాత్రి డ్యూటీలో

ప్రియమైన నాన్నకు,

దానియేలు సింహాల గుహలోకి పసిపిల్లను వెంటబెట్టుకుని వెళ్ళలేదు. ముందు నా బిడ్డను ఒడిలోంచి దించండి.

మీది క్షయ అయితే దగ్గినా, పాడినా, ప్రసంగించినా అది గాలిలో కలుస్తుంది. మాస్కు కట్టుకోండి, కిటికీలు తెరవండి, విడిగా పడుకోండి, తేలేదాకా పిల్లల పాఠాలు ఆపండి. కఫం నిద్ర లేవగానే, పూజకు ముందే ఇవ్వొచ్చు. ఆరుబయట నోరు పుక్కిలించి, గుండెనిండా ఊపిరి పీల్చి, లోతునుంచి దగ్గండి. నోట్లో ఊరే ఎంగిలి పనికిరాదు. ప్రభువే నేలమీద ఉమ్మి, ఆ బురదతో గుడ్డివాడికి చూపునిచ్చాడు గదా!

మీ మొండితనమే వచ్చిన కూతురు,
దిమ్యానా


మల్లవి

ప్రియమైన తల్లీ,

దేవునికి స్తోత్రం! పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. పుక్కిలించలేదులే. చుక్క నీళ్ళు గొంతులోకి జారినా ఉపవాసం చెడుతుంది. గట్టిగా దగ్గితే కఫం ఆగక, ప్రభుభోజనం పుచ్చుకున్నాక కూడా ఉమ్మాల్సొస్తుందని, నోట్లో ఊరినదే డబ్బీలో వేసిచ్చాను. బయట దుమ్ముగాలి. తలుపులు మూసుకుని పిల్లలకు మళ్ళీ పాఠం మొదలుపెట్టాను.

సంతోషంతో,
నాన్న


మల్లవి, మట్టల ఆదివారం తర్వాత

ప్రియమైన దిమ్యానా,

"అది ఎంగిలి, నాన్నా" అని నువ్వు రాసిన ఒక్క ముక్క పట్టుకుని గుడికి పోయాను. మన ఫాదరు అబూనా అది చదివి, "ఒరే అబానూబ్, ఉపవాసం గురించి నాకే చెబుతావా? రెండు రోజులు ప్రభుభోజనం లేదు నీకు, ఉమ్మినా తప్పు లేదు. పోయి దగ్గు!" అన్నాడు. నర్సమ్మ పెరట్లో దగ్గరుండి దగ్గించింది. క్షయ తేలింది.

కుష్ఠరోగి పెదవి కప్పుకుని 'అపవిత్రుణ్ణి' అని కేక వేయాలన్న లేవీయకాండం మాట మీద ఎంత గర్జించేవాణ్ణి! ఆదివారం మాస్కు కట్టుకుని గుడి వాకిట్లో నిలబడి, "నా పాఠం విన్న ప్రతి బిడ్డనూ పరీక్షకు తీసుకుపొండి" అని అరిచాను. నా దగ్గర పాఠం చదివే కిరొల్లొస్ తల్లి, "మూసిన గదిలో కూర్చోబెట్టినప్పుడు ఏమైంది ముసలోడా, నీ నోరు?" అంది. మాస్కు ఇంకా బిగించి మళ్ళీ అదే కేక వేశాను.

క్షయ సోకిందేమో చూడ్డానికి పిల్లల ముంజేతులకు పరీక్ష సూది వేశారు. తక్కిన పిల్లలకు ఏమీ లేదు. నీ ఇరీనీకి సూది పడ్డ చోట చెయ్యి వాచింది. ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. జబ్బు ఇంకా లేదు, లోపల విత్తనం పడింది. అది మొలవకుండా కొన్ని నెలలు మాత్రలు వేయాలి.

రోజూ నర్సమ్మ మా ఇద్దరి మాత్రలూ పట్టుకుని ఇంటికే వస్తుంది. ఇరీనీ కిటికీ దగ్గర, నేను వాకిట్లో. పిల్ల మాత్ర మింగి, మింగినట్టు నాలుక చాపి చూపిస్తుంది. ఆపైన, "ఇప్పుడు నువ్వు, తాతా!" అంటుంది. ఇన్నేళ్ళు దేవుని మాట పలికిన నాలుకను ఆ బిడ్డకు చాపి చూపిస్తున్నాను.

దూరంగా నిలబడిన నాన్న,
అబానూబ్