ఆదివారం టీవీలో మీ అబ్బాయి పడిపోతారు

విజయనగరం

అత్తమ్మకు షీబా వందనాలు. దేవుని దయవల్ల ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం.

ఫోనులో చెబుదామంటే ఆయన పక్కనే ఉంటున్నారు, అందుకే ఈ కార్డు. ఆదివారం టీవీ కామెడీ ప్రోగ్రాంలో మీ అబ్బాయి నిచ్చెన మీంచి పడతారు. చూసి కంగారు పడకండి. రికార్డింగు ఇక్కడి స్టేజీ మీదే జరిగింది, నేను జనంలో కూర్చున్నాను. ఎప్పుడూ పరుపు మీద పడే మనిషి ఈసారి పక్కన చెక్కల మీద పడి లేవలేదు. జనం పగలబడి నవ్వారు. మొదట నేనూ నవ్వాను. తర్వాత ఏడుస్తూ స్టేజీ ఎక్కాను. "పెళ్లాం ఏసం ఎవులేసినారో గానీ బాగా ఏడస్తన్నాదిరా!" అని ముందు వరసలో ఒకాయన ఈల వేశాడు. కాసేపటికి మీ అబ్బాయి లేచి జనానికి దండం పెట్టారు. అదీ కామెడీ అనుకున్నారు.

ఆసుపత్రికి వెళ్దామంటే రానన్నారు. నిన్న ఎడమ చేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది. "నిన్ను నవ్విద్దామనే ఒగ్గేసినాను. నవ్వవేటే?" అన్నారు. ఇవాళ చొక్కా బొత్తాలు నన్ను పెట్టమన్నారు. ఆట పట్టిస్తున్నారో, నిజంగానే చెయ్యి పట్టు తప్పిందో నాకు తెలియడం లేదు. శ్రీకాకుళంలో మళ్లీ నిచ్చెన ఎక్కడానికి ఒప్పుకున్నారు.

మావయ్యకు దగ్గు తగ్గిందా? మునగ కాసిందా? ములక్కాడలు ఇవ్వడానికి వచ్చినట్టు వచ్చి, మీ అబ్బాయిని డాక్టరు దగ్గరకు లాక్కెళ్లండి. నన్ను నవ్వించి తప్పించుకుంటారు, కన్నతల్లి దగ్గర ఆ పప్పులుడకవు. కార్డు అందిన రోజే రైలెక్కండి. నాకు చాలా భయంగా ఉంది అత్తమ్మా.

మీ కోడలు
షీబా